అరోరా హైలాండ్స్: ఇంటి ముందు చోటు కోసం సుప్రీంకోర్టు దాకా

వాషింగ్టన్ నగరం నుంచి పోటోమాక్ నది దాటితే వర్జీనియా రాష్ట్రంలోని ఆర్లింగ్టన్ కౌంటీలో అడుగుపెడతాం. పెంటగాన్ ఉన్నది ఇక్కడే, రీగన్ విమానాశ్రయం ఉన్నదీ ఇక్కడే. కౌంటీ మొత్తం వైశాల్యం సుమారు 26 చదరపు మైళ్లు. దాని దక్షిణపు కొసన, విమానాశ్రయానికి కూతవేటు దూరంలో, రూట్ 1 రహదారికి పడమటి పక్కన అరోరా హైలాండ్స్ అనే పేట ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో కట్టిన చిన్న ఇళ్లు, వాటి ముందు గడ్డి, పెద్ద చెట్లు. ఫెర్న్, గ్రాంట్, హేస్, ఐవ్స్, జాయిస్ అంటూ ఇంగ్లిష్ అక్షరక్రమంలో సాగే వీధుల పేర్లు. ఇరవై మూడో వీధిలో వరసగా పాతకాలపు భోజనశాలలు. ఈ పేటను 2008లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు.

పర్యాటకులు చూడటానికి వచ్చే చోటు కాదిది. కానీ ప్రపంచంలో ఏ నగరపాలక సంస్థ అయినా ‘ఈ వీధిలో నివాసముండే వాళ్లకే పార్కింగ్ పర్మిట్’ అనే ఆలోచన చేస్తే, దాని వెనక ఉండే న్యాయమేమిటో, లోపాలేమిటో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. వీధి పక్కన స్తంభాలకు తగిలించిన చిన్న బోర్డుల కోసం ఈ పేట అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, నెగ్గింది. ఆ కథ చెప్పుకోవడం దూరదేశపు ముచ్చట కోసం కాదు. హైదరాబాద్‌లో అమీర్‌పేట, విజయవాడలో గవర్నర్‌పేట, విశాఖలో ద్వారకానగర్ లాంటి చోట్ల సొంత ఇంటి గేటులోంచి బండి బయటికి తీయలేక రోజూ సతమతమయ్యే వాళ్లకు అది పనికొస్తుందని.

రహదారికి అటు పక్క

రూట్ 1కు తూర్పున ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ చోట ఒకప్పుడు ఇటుక పరిశ్రమలు, తుక్కు సామాను దొడ్లు, రైలు పట్టాలు ఉండేవి. 1960లలో చార్లెస్ ఇ. స్మిత్ కంపెనీ ఆ రహదారి వెంట కట్టడాలు మొదలుపెట్టింది. తొలి అపార్ట్‌మెంట్ భవనం పేరు క్రిస్టల్ హౌస్. దాని ముందుగదిలో ఒక పెద్ద స్ఫటికపు షాండిలియర్ వేలాడేది. ఆ పేరే తర్వాత వచ్చిన భవనాలన్నింటికీ పాకి, ప్రాంతం మొత్తం క్రిస్టల్ సిటీ అయింది. నౌకాదళ కార్యాలయాలు వచ్చాయి. అమెరికా పేటెంట్ ఆఫీసు వచ్చింది. పొలిమేరలాంటి చోటు పదేళ్లు తిరక్కుండా వేలమంది పనిచేసే ఆఫీసుల సముదాయంగా మారింది.

ఆ వేలమంది ఎలా వచ్చేవారు? కార్లలో. అప్పటికి వాషింగ్టన్‌కు మెట్రో రైలు లేదు. ఆఫీసు భవనాల కింద పార్కింగ్ ఉంది కానీ దానికి డబ్బు కట్టాలి. రహదారి దాటి నాలుగడుగులు వేస్తే అరోరా హైలాండ్స్ వీధులు, అక్కడ అంతా ఉచితం. పొద్దున్నే ఎవరి ఇంటి ముందో కారు ఆపి, ఆఫీసుకు నడిచి వెళ్లి, సాయంత్రం తిరిగి వచ్చి తీసుకుపోయేవాళ్లు. ఇందులో వాళ్ల తప్పు వెతకడం దండగ. ఒక పక్క రుసుము, మరో పక్క ఉచితం ఉన్నప్పుడు మనిషి ఎటు పోతాడో చెప్పనక్కర లేదు. కానీ ఆ వీధిలో కాపురమున్న మనిషికి మధ్యాహ్నం బజారుకు వెళ్లి వస్తే తన కారు నిలపడానికి చోటుండదు. ఉదయం ఖాళీ కోసం వీధి వీధీ చుట్టే కార్ల పొగ, హారన్ల మోత, పిల్లలు రోడ్డు దాటాలంటే భయం. పాత పేటల్లో కారు షెడ్డు లేని ఇళ్లే ఎక్కువ కనుక వీధే వాళ్లకు దిక్కు.

1970ల మొదట్లో కౌంటీ ఒక నిబంధన తెచ్చింది. బయటి కార్లతో కిక్కిరిసిపోతున్న నివాస ప్రాంతాలేవో కౌంటీ మేనేజర్ గుర్తించాలి. అలా గుర్తించిన వీధుల్లో ఉండేవాళ్ల వాహనాలకు, ఆ ఇళ్లకు పనిమీద వచ్చేవాళ్లకు, కొందరు అతిథులకు పర్మిట్ ఉచితంగా ఇస్తారు. పర్మిట్ లేని వాళ్లు పనిదినాల్లో ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా అక్కడ బండి పెట్టకూడదు. పెడితే జరిమానా. అరోరా హైలాండ్స్‌లో కొంత భాగాన్ని అలాంటి ప్రాంతంగా ప్రకటించారు.

ఈ నిబంధనలో గమనించాల్సింది ఆ వేళలు. రాత్రి ఎవరైనా పెట్టుకోవచ్చు. శని, ఆదివారాలు ఎవరైనా పెట్టుకోవచ్చు. జబ్బు ఏ వేళలో ఉందో మందు ఆ వేళకే. వీధిని ఇరవైనాలుగు గంటలూ ఇంటివాళ్లకు రాసిచ్చేయలేదు. ఏ ఊళ్లో పర్మిట్ పెట్టినా మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: మీ వీధి ఏ గంటల్లో నిండుతోంది, ఎవరి వల్ల?

దావా

రోజూ అక్కడ కార్లు నిలిపే ఉద్యోగులు కోర్టుకెక్కారు. వాళ్ల వాదన తీసిపారేయదగింది కాదు. వీధి అందరి పన్నులతో వేసిన వీధి. దాని మీద ఇంటివాళ్లకు ఎంత హక్కుందో బయటివాళ్లకూ అంతే ఉంది. ఇక్కడ ఇల్లు ఉందా లేదా అన్న ఒక్క కారణంతో ఒకరికి అనుమతి, ఇంకొకరికి జరిమానా ఏమిటి? అమెరికా రాజ్యాంగం పద్నాలుగో సవరణ అందరికీ చట్టం ముందు సమాన రక్షణ ఉండాలని చెబుతుంది. కౌంటీ దాన్ని ఉల్లంఘించిందని వాళ్లు అన్నారు. కింది కోర్టు ఒప్పుకుంది. 1977లో వర్జీనియా రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుంది. పొగ, రద్దీ తగ్గించాలన్న లక్ష్యం మంచిదే అయినా, ఇంటివాళ్లు, బయటివాళ్లు అని విడదీయడానికీ ఆ లక్ష్యానికీ పొంతన లేదంది. ఇంటివాళ్ల కారు పొగ పొగ కాదా అన్నది సూటి ప్రశ్నే మరి.

కౌంటీ దేశ అత్యున్నత న్యాయస్థానం తలుపు తట్టింది. ‘కౌంటీ బోర్డ్ ఆఫ్ ఆర్లింగ్టన్ కౌంటీ వర్సెస్ రిచర్డ్స్’ కేసులో 1977 అక్టోబరు 11న అమెరికా సుప్రీంకోర్టు రాష్ట్ర కోర్టు తీర్పును పక్కనపెట్టింది. కొద్ది పేజీల తీర్పది. దాని సారం ఇది. బయటి నుంచి వచ్చే ఉద్యోగులకు వీధి పార్కింగ్ దొరక్కుండా చేస్తే వాళ్లు నలుగురు కలిసి ఒక కారులో రావడానికో, రైలు బస్సులు ఎక్కడానికో మొగ్గు చూపుతారు. ఇంటివాళ్లకు చోటు భరోసా ఉంటే వాళ్లూ పగలు కారు ఇంటి దగ్గరే వదిలి వెళ్తారు. రెండూ ఒకే లక్ష్యానికి పనికొస్తాయి. నివాస ప్రాంతాల్లో పొగ, మోత, ప్రమాదాలు, చెత్త తగ్గించుకోవాలని ఒక సమాజం అనుకోవడం తప్పు కాదు. స్థానికులకూ స్థానికేతరులకూ తేడా చూపిన ప్రతిసారీ అది దురుద్దేశమేనని రాజ్యాంగం అనుకోదు. తేడాకూ లక్ష్యానికీ సహేతుకమైన సంబంధం ఉంటే చాలు.

మన న్యాయవాదులకు ఈ మాట కొత్తగా అనిపించదు. మన రాజ్యాంగం 14వ అధికరణం కింద మన సుప్రీంకోర్టు మొదటి నుంచీ వాడుతున్న గీటురాయి దాదాపు ఇదే. మనుషులను వర్గాలుగా విడదీయవచ్చు, అయితే ఆ విభజనకు స్పష్టమైన ఆధారం ఉండాలి, సాధించదలచిన ప్రయోజనంతో దానికి సంబంధం ఉండాలి. కాబట్టి రేపు ఇక్కడ ఎవరైనా పర్మిట్ పార్కింగ్ పెడితే ‘రోడ్డు అందరిదీ కదా’ అనే అభ్యంతరానికి సమాధానం ఉంది. ఆ సమాధానం నిలవాలంటే మాత్రం లెక్కలు ఉండాలి. వీధి నిజంగా నిండుతోందని, నింపుతున్నది బయటి వాహనాలేనని కాగితం మీద చూపగలగాలి.

ఇక్కడే ఒక తేదీ చెప్పాలి. సుప్రీంకోర్టు తీర్పుకు సుమారు మూడు నెలల ముందు, 1977 జులై 1న, క్రిస్టల్ సిటీలో మెట్రో స్టేషన్ తెరుచుకుంది. ఇప్పటి రీగన్ విమానాశ్రయం నుంచి వాషింగ్టన్ నగరంలోకి రైలు నడవడం మొదలైంది. అంటే ఉద్యోగులకు ఒక తలుపు మూసుకునే వేళకు ఇంకో తలుపు తెరుచుకుంది. నా దృష్టిలో అరోరా హైలాండ్స్ ప్రయోగం నిలదొక్కుకోవడానికి తీర్పు ఎంత కారణమో ఈ రైలూ అంతే కారణం. వచ్చే దారి చూపకుండా నిలిపే చోటు తీసేస్తే కార్లు మాయమైపోవు. పక్క వీధికి పోతాయి, అక్కడి వాళ్లు పర్మిట్ అడుగుతారు, ఆ తర్వాత దాని పక్క వీధి.

స్టిక్కర్ వచ్చాక

తీర్పు తర్వాత అమెరికాలో పర్మిట్ పార్కింగ్ ఊరూరా పాకింది. కోర్టు భయం పోయింది కనుక కళాశాలల పక్కన, ఆసుపత్రుల పక్కన, స్టేడియంల పక్కన వీధులన్నీ బోర్డులు అడగసాగాయి. ఆర్లింగ్టన్‌లోనే మెట్రో స్టేషన్ల చుట్టూ ఉన్న పేటలకు ఒక్కొక్కటిగా విస్తరించింది. వీధివాళ్లు సంతకాలు చేసి అర్జీ పెట్టుకోవాలి, కౌంటీ సిబ్బంది వచ్చి ఆగివున్న బండ్లు లెక్కపెట్టాలి, ఆ తర్వాతే బోర్డు. కారు అద్దానికి స్టిక్కర్, అతిథుల కారు కోసం డాష్‌బోర్డు మీద పెట్టుకునే ‘ఫ్లెక్స్‌పాస్’, ఒకటి రెండు రోజుల చుట్టాలకు విడి పాసులు. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు చూడటానికి వచ్చే స్నేహితుల కార్లు ఎక్కడ పెట్టించాలో అక్కడి తెలుగు ఇళ్లవాళ్లు ముందే చూసుకునేది ఈ పాసుల వల్లనే.

అయితే ఏళ్లు గడిచేకొద్దీ మరో ముఖం బయటపడింది. పర్మిట్ అడగగలిగింది ఎక్కువగా విడి ఇళ్లవాళ్లు. ప్రత్యేక అనుమతి కింద కట్టిన పెద్ద అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు అనర్హులు, వాళ్ల భవనానికే పార్కింగ్ ఉండాలన్నది నియమం. లెక్క ప్రకారం సబబే. కానీ అలా బయట ఉండిపోయినవాళ్లలో చాలామంది అద్దెకున్నవాళ్లు, పర్మిట్ చేతిలో ఉన్నవాళ్లలో కొందరికి ఇంట్లో సొంత షెడ్డు కూడా ఉంది. సగం ఖాళీగా ఉండే వీధి మీద కూడా పర్మిట్ బోర్డు వేలాడుతుంటే, ఎదుటి అపార్ట్‌మెంట్‌లోని నర్సుకు ఆ చోటు అవసరం కదా అన్న వాదన బలపడింది. కౌంటీ 2017లో కొత్త పర్మిట్ ప్రాంతాలు ఇవ్వడం ఆపేసి, పథకం మొత్తాన్ని తిరగదోడింది. సభలు పెట్టింది, సర్వేలు చేసింది, వాదోపవాదాలు విన్నది. మార్పులకు కౌంటీ బోర్డు ఆమోదం తెలిపేసరికి 2021 వచ్చింది. ఒక ఇంటికి ఎన్ని పర్మిట్లన్న హద్దు బిగించారు, సొంత షెడ్డు ఉన్న ఇంటికి తక్కువ. మొదటి పర్మిట్ చవక, తర్వాత తీసుకునే ప్రతిదానికీ రుసుము పెరుగుతుంది.

నాలుగేళ్లు పట్టిందంటే అధికారులు మెతకవాళ్లని కాదు. ఒకసారి ఉచితంగా ఇచ్చిన చోటును వెనక్కి తీసుకోవడం అంత కష్టం. మొదటి రోజునే ధర పెట్టిన ఊళ్లకు ఈ తలనొప్పి తక్కువ. అలా పెట్టని బోస్టన్ నగరం చాలాకాలం పర్మిట్లు ఉచితంగా, ఇంటికి ఇన్ని అన్న హద్దు కూడా లేకుండా ఇచ్చింది. ఫలితంగా ఉన్న చోట్ల కన్నా పర్మిట్లు ఎక్కువైన పేటలు తయారయ్యాయి. స్టిక్కర్ చేతిలో ఉన్నా చోటు దొరకనప్పుడు దాని విలువేముంది?

లాస్ ఏంజెలిస్ ఆచార్యుడు డొనాల్డ్ షూప్ జీవితమంతా ఈ విషయం మీదే పనిచేశాడు. 2025లో కన్నుమూశాడు. ‘ది హై కాస్ట్ ఆఫ్ ఫ్రీ పార్కింగ్’ అనే ఆయన పుస్తకం 2005లో వచ్చింది. ఉచిత పార్కింగ్ నిజానికి ఉచితం కాదు, దాని ఖర్చును కారు లేనివాళ్లు కూడా అద్దెల్లో, సరుకుల ధరల్లో కడుతున్నారన్నది ఆయన వాదన. పర్మిట్ వీధులకు ఆయన చూపిన దారి నాకు అన్నింటికన్నా ఆచరణీయంగా అనిపిస్తుంది. ఇంటివాళ్లు పగలు కార్లు తీసుకుపోతే వీధిలో మిగిలే ఖాళీలను కొద్ది సంఖ్యలో బయటివాళ్లకు డబ్బు తీసుకుని ఇవ్వండి, ఆ డబ్బు ఖజానాలో కలిపేయకుండా అదే వీధి కాలిబాటకో, దీపాలకో, చెట్లకో ఖర్చు పెట్టండి అంటాడు. కొలరాడోలోని బౌల్డర్ నగరం ఇలా నివాస వీధుల్లో ఉద్యోగులకు పరిమిత సంఖ్యలో పర్మిట్లు అమ్ముతుంది. అలా చేస్తే బయటి మనిషి శత్రువు కాడు, వీధి బాగుకు చందా ఇచ్చేవాడవుతాడు.

అమెజాన్, అమీర్‌పేట

2018 నవంబరులో అమెజాన్ తన రెండో ప్రధాన కార్యాలయాన్ని ఇక్కడే, అరోరా హైలాండ్స్ పక్కనే పెడుతున్నట్టు ప్రకటించింది. మెట్రోపాలిటన్ పార్క్ అనే మొదటి భాగం 2023లో తెరుచుకుంది. ఆఫీసులు మళ్లీ పెరిగాయి. ఈసారి మాత్రం పేట ఏ రక్షణా లేకుండా చిక్కలేదు. బోర్డులున్నాయి, నడిచి వెళ్లే దూరంలో మెట్రో ఉంది.

అదే కంపెనీ 2019 ఆగస్టులో హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో తొమ్మిదిన్నర ఎకరాల్లో పదిహేను వేల మంది పనిచేసే క్యాంపస్ తెరిచింది. మొత్తం వైశాల్యంలో ప్రపంచంలోనే తమ అతిపెద్ద భవనం అదేనని అప్పట్లో చెప్పింది. ఇలాంటి కొత్త క్యాంపస్‌లు లోపల ఎన్ని అంతస్తుల పార్కింగ్ కట్టినా, చుట్టుపక్కల పాత కాలనీల వీధులు హాస్టళ్లతో, టిఫిన్ సెంటర్లతో, అద్దె బండ్లతో నిండిపోవడం మాదాపూర్, గచ్చిబౌలిలో ఉన్నవాళ్లకు చెప్పాల్సిన పని లేదు.

కానీ ఈ సమస్య ముదిరి పాకానపడ్డది చూడాలంటే అమీర్‌పేట వెళ్లాలి. మైత్రీవనం వెనక సందులు, ఆదిత్య ఎన్‌క్లేవ్, సంజీవరెడ్డి నగర్ వైపు కాలనీలు. అమెరికాలో కోడ్ రాస్తున్న తెలుగువాళ్లలో ఎంతోమంది మొదటి కోర్సు నేర్చుకున్నది ఈ సందుల్లోనే. ఒకప్పుడు ఒరాకిల్, జావా. ఇప్పుడు పైథాన్, క్లౌడ్, డేటా సైన్స్. తెల్లవారకముందే మొదలయ్యే బ్యాచ్‌లు, ఒక్కో మేడలో నాలుగైదు కోచింగ్ సెంటర్లు, వాటి మీద హాస్టళ్లు, కింద జిరాక్స్ షాపు, పక్కన కర్రీ పాయింట్. బల్కంపేట ఎల్లమ్మ కల్యాణమప్పుడు ఆషాఢంలో జనం మరింత. 2017 నవంబరులో మెట్రో వచ్చింది, మొదటి రోజు నుంచే అమీర్‌పేట రెండు లైన్ల కూడలి అయింది, తర్వాతి రెండేళ్లలో ఎల్బీనగర్, హైటెక్ సిటీ దారులు కూడా కలిశాయి. ఇంటి నుంచి స్టేషన్ దాకా బండి మీద వచ్చి, దాన్ని దగ్గరి సందులో వదిలి రైలెక్కే వాళ్లు చేరారు.

ఇక్కడి ఇళ్లు అరోరా హైలాండ్స్ ఇళ్లలాగే ఇన్ని కార్లు లేని కాలంలో కట్టినవి. రెండొందల గజాల స్థలంలో ఒక అంతస్తు ఇల్లు. దాని మీద పిల్లల కోసం ఇంకోటి, అద్దె కోసం మరోటి. కింద పార్కింగ్ కోసం స్టిల్ట్ వదిలినా కొన్ని చోట్ల అది దుకాణమైపోయింది. ఇక గేటు ముందు చోటును కాపాడుకోవడానికి ఎవరికి తోచిన ఏర్పాటు వాళ్లది. గోడ మీద ‘ఇచట వాహనములు నిలపరాదు, నిలిపిన గాలి తీయబడును’ అన్న రాత. రోడ్డు మీద రాళ్లు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, పూలకుండీలు, సిమెంటు పోసి ఇనుప కడ్డీ నిలబెట్టిన పెయింటు డబ్బాలు. ఇవన్నీ చట్టవిరుద్ధం. రోడ్డు నగరపాలక సంస్థది, ఇంటాయనది కాదు. ‘మా ఇంటి ముందు బండి పెడతావేంట్రా’, ‘రోడ్డు నీ అబ్బ సొత్తా’ అంటూ రోజూ పొద్దున మొదలయ్యే తగాదాలో ఇద్దరి దగ్గరా సగం న్యాయమే ఉంది. వయసు మళ్లిన దంపతులను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన అంబులెన్స్ సందు మొదట్లో ఆగిపోయిన రోజున మాత్రం ఆ సగం న్యాయాలు ఎవరికీ అక్కరకు రావు.

కాబట్టి నేను పర్మిట్ పక్షమే. కుర్చీకీ పెయింటు డబ్బాకీ బదులు అందరికీ తెలిసిన ఒక నియమం ఉండటం మేలు. బలమున్నవాడు, గొంతున్నవాడు, ఉదయమంతా కాపలా కాయగల తీరికున్నవాడు గెలిచే పద్ధతి పోవాలి. దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. వాహనాలు ఎక్కడ నిలపవచ్చో స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించే అధికారాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికీ, అది నియమించిన అధికారికీ ఇచ్చింది. పొరుగున బెంగళూరు ముందడుగు వేసింది. 2021లో కర్ణాటక ప్రభుత్వం ఆమోదించిన ఆ నగర పార్కింగ్ విధానంలో కాలనీవాసులకు వార్షిక పర్మిట్ ఉంది. కారు చిన్నదా పెద్దదా అన్నదాన్ని బట్టి ఏడాదికి వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల దాకా రుసుము. ఢిల్లీలో 2019లో పార్కింగ్ నియమావళి వచ్చింది. లాజ్‌పత్ నగర్‌లో ప్రయోగాత్మకంగా చేసిన ప్రణాళిక సుప్రీంకోర్టు దృష్టికి కూడా వెళ్లింది. కాలనీల్లో ముందు అంబులెన్స్, ఫైరింజన్లకు దారి వదిలి, మిగిలినదాన్నే పార్కింగ్‌గా లెక్కించాలన్న సూత్రం ఆ నియమావళిలో నాకు నచ్చిన మాట. మన సందుల్లో తలచుకోవాల్సిన మొదటి విషయం అదే.

అయితే ఆర్లింగ్టన్ నిబంధనను ఉన్నదున్నట్టు దించుకుంటే అమీర్‌పేటలో పనిచేయదు. అక్కడ సమస్య కారుది, ఇక్కడ మూడొంతులు బైకులది. ఒక కారు చోటులో ఐదారు బైకులు పడతాయి. అందుకని వాటికి వీధి మొదట్లో గీతలు గీసి విడిగా చోటు చూపాలి. అక్కడ పర్మిట్ ఇంటి చిరునామాను బట్టి, ఇక్కడ ఒకే చిరునామాలో మూడు కుటుంబాలు, పై అంతస్తులో నలభై మంది హాస్టల్ పిల్లలు. పర్మిట్ ఇంటి యజమానికిచ్చి అతను అద్దెకున్నవాళ్లకు పంచాలంటే, అద్దెతో పాటు దాన్నీ అమ్ముతాడు. కరెంటు బిల్లో, అద్దె ఒప్పందమో చూపిన కాపురస్తుడికి నేరుగా ఇవ్వాలి. ఆర్లింగ్టన్ అపార్ట్‌మెంట్లవాళ్లను దూరం పెట్టినట్టు మనం మొదట్లోనే ఎవరినీ దూరం పెట్టకూడదు.

ఇళ్లలో పనిచేయడానికి వచ్చేవాళ్ల సంగతి కూడా ఉంది. వంటమనిషి, పనిమనిషి, నర్సు, ప్లంబర్, గ్యాస్ సిలిండర్ బండి, పెద్దవాళ్ల ఇళ్లకు వచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబ్ కుర్రాడు. వీళ్ల బండ్లకు జరిమానా పడితే పర్మిట్ వచ్చిన వారంలోనే కాలనీ దాన్ని తిట్టిపోస్తుంది. అరోరా హైలాండ్స్‌లో ఇంటివాళ్ల దగ్గరికి పనిమీద వచ్చేవాళ్లకు మొదటి రోజు నుంచే పర్మిట్ ఉందని మరచిపోకూడదు. రెండు గంటల దాకా ఎవరైనా నిలపవచ్చన్న వెసులుబాటు పెడితే వీళ్లలో చాలామందికి కాగితమే అక్కర్లేదు. రోజంతా బండి వదిలి వెళ్లేవాణ్ని ఆపడమే లక్ష్యం, అరగంట పనివాణ్ని కాదు.

కోచింగ్ సెంటర్లను కూడా లెక్కలోకి తేవాలి. వేల ఫీజు తీసుకుని, విద్యార్థి బండి ఎక్కడ పెట్టాలో మాత్రం పక్కింటివాళ్ల నెత్తిన వదిలేయడం న్యాయం కాదు. క్రిస్టల్ సిటీ ఆఫీసుల కింద పార్కింగ్ ఉంది, జనం డబ్బు మిగుల్చుకోవడానికి దాన్ని తప్పించుకున్నారు. ఇక్కడ కింద పార్కింగే లేదు. బ్యాచ్‌కు ఇన్ని బండ్లని లెక్క చెప్పి, అంతకు సరిపడా స్థలం అద్దెకు తీసుకుంటేనే సెంటర్ నడపడానికి అనుమతి అన్న షరతు పెట్టాలి. పక్కనే ఉన్న ఖాళీ స్థలాలకు దానివల్ల ఆదాయం కూడా వస్తుంది. ఇక మెట్రో దాకా బండిమీద వచ్చేవాళ్లకు స్టేషన్ దగ్గర తగినంత చోటో, ఇంటి సందు దాకా వచ్చే చిన్న బస్సో, షేర్ ఆటోనో లేకుండా పర్మిట్ మొదలుపెడితే పక్క వీధి పగ మాత్రమే మిగులుతుంది. 1977 జులైలో తెరుచుకున్న ఆ స్టేషన్ చెప్పిన పాఠం అది.

ధర గురించి మొహమాటపడకూడదు. మొదటి బండికి తక్కువ, రెండోదానికి ఎక్కువ, మూడోదానికి ఆలోచించి తీసుకునేంత. సొంత స్టిల్ట్ ఉండి దాన్ని దుకాణానికి అద్దెకిచ్చిన ఇంటికి ఒక్క పర్మిట్ కూడా ఇవ్వకూడదు. వసూలైన డబ్బు ఆ వీధి ఖాతాలోనే ఉండాలి, ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో వీధి మొదట్లో బోర్డు మీద రాయాలి. ఇక అమలు చేసేది కాలనీ కమిటీ కుర్రాళ్లు కాకూడదు. నగరపాలక సంస్థ లేదా ట్రాఫిక్ పోలీసులు రసీదుతో చేయాలి. గాలి తీసే చేతికి అధికారం ఇస్తే అది పాత పెయింటు డబ్బాకు కొత్త రూపమే అవుతుంది.

ఇది చదువుతున్న కాలనీ సంఘాలవాళ్లకు నా మనవి. అధికారుల కోసం ఎదురుచూడకుండా ఒక పని మీరే మొదలుపెట్టండి. ఒక మామూలు పనిదినం ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి తొమ్మిదికి మీ వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడవండి. ఎన్ని బండ్లు ఉన్నాయి, అందులో వీధివాళ్లవెన్ని, బయటివెన్ని, ఫైరింజన్ పట్టేంత దారి మిగిలిందా లేదా రాసుకోండి. అద్దెకున్నవాళ్లను కూడా వెంటబెట్టుకుని నడవండి. వారం రోజుల లెక్కతో, సగానికి పైగా ఇళ్ల సంతకాలతో మీ వార్డు కార్యాలయానికీ ట్రాఫిక్ పోలీసులకూ ఒకే అర్జీ ఇవ్వండి. 117వ సెక్షన్ పేరు అందులో తప్పకుండా రాయండి.